సరిదిద్దే శస్త్రచికిత్స: ఆగమంటున్న వైద్యం, త్వరపడమంటున్న చట్టం

పొట్ట మీది కొవ్వు తగ్గింది, కానీ చర్మంపై గుంటలు పడ్డాయి. ఒక తొడ సన్నబడింది, రెండోది దాదాపు అలాగే ఉండిపోయింది. నడుము కింద కుట్ల గీత నల్లగా, ఉబ్బెత్తుగా మిగిలిపోయింది. దేహాకృతిని తీర్చిదిద్దుకునేందుకు చేతిసొమ్ము వెచ్చించి చేయించుకున్న శస్త్రచికిత్స ఇలా నిరాశ మిగిల్చినప్పుడు, దాన్ని సరిదిద్దుకునేందుకు మరోసారి ఆపరేషన్ బల్ల ఎక్కాలా, వద్దా అన్న ప్రశ్న తలెత్తుతుంది.

ఈ ప్రశ్న ఎదురైనవారు చాలా సందర్భాల్లో ఒంటరిగానే ఉంటారు. జబ్బు చేసి ఆపరేషన్ చేయించుకున్న మనిషిని బంధువులు వచ్చి పరామర్శిస్తారు. అందం కోసం చేయించుకున్న ఆపరేషన్ బెడిసికొడితే మాత్రం 'ఎవరు చేయించుకోమన్నారు?' అన్న మాటే ముందుగా వినిపిస్తుంది. ఆ మాటకు జంకి కొందరు ఇంట్లోవారికి సైతం చెప్పుకోరు. మొదటి వైద్యుణ్ని నిలదీయడానికి మొహమాటపడతారు. ప్రకటనలో కనిపించిన మరో క్లినిక్‌ను వెతుక్కుంటూ వెళతారు.

రెండో శస్త్రచికిత్సను మొదటిదానికి కొనసాగింపుగా చూడడంలోనే పొరపాటు ఉంది. వైద్యపరంగా అది మరింత కష్టమైనది. ఆర్థికంగా దాని భారం పూర్తిగా రోగిదే. చట్టపరంగా చూస్తే, మొదటి ఆపరేషన్‌లో జరిగిన లోపానికి ఉన్న ఆనవాళ్లను అది చెరిపివేయగలదు. వీటన్నింటికీ మించిన చిక్కు మరొకటి ఉంది. శరీరం కుదుటపడే వరకూ ఆగమని వైద్యశాస్త్రం చెబుతుంది. గడువు దాటకుండా ఫిర్యాదు చేయమని చట్టం చెబుతుంది. ఈ రెండింటి నడుమ రోగికి దారి చూపే ఏర్పాటు దేశంలో కొరవడింది.

పెరుగుతున్న గిరాకీ

అంతర్జాతీయ సౌందర్య ప్లాస్టిక్ సర్జరీ సంఘం గణాంకాల ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా 22 లక్షలకు పైగా లైపోసక్షన్లు జరిగాయి. ఆ ఏడాది అత్యధికంగా జరిగిన సౌందర్య శస్త్రచికిత్స అదే. పొట్ట మీద వేలాడే చర్మాన్ని తొలగించి బిగించే 'టమ్మీ టక్', పురుషుల ఛాతీ ఉబ్బును తగ్గించే గైనకోమాస్టియా శస్త్రచికిత్స, ఒకచోటి కొవ్వును తీసి మరోచోట నింపే విధానం కూడా ఈ కోవలోకే వస్తాయి.

బరువు తగ్గించే కొత్త మందుల రాకతో ఈ చికిత్సలకు మరో కారణం తోడయింది. 2025 మార్చిలో మౌంజారో, అదే ఏడాది జూన్‌లో వెగోవీ భారత విపణిలోకి వచ్చాయి. తక్కువ కాలంలో ఎక్కువ బరువు తగ్గినవారిలో చర్మం వదులై వేలాడడం సహజం. దాన్ని సరిచేయడానికి మందు లేదు, శస్త్రచికిత్సే మార్గం. బరువు నిలకడగా మారకముందే ఆ శస్త్రచికిత్స చేయించుకుంటే, తర్వాత బరువు పెరిగినా తగ్గినా ఆకృతి మళ్లీ చెదురుతుంది. సరిదిద్దుకోవాలన్న ఆలోచనకు అది మరో కారణమవుతుంది.

మొదటిదానికీ రెండోదానికీ తేడా

చర్మానికీ కండరానికీ మధ్య ఉండే కొవ్వు పొరలోకి సన్నని గొట్టాన్ని పంపి కొవ్వును పీల్చివేయడమే లైపోసక్షన్. ఎవరూ తాకని శరీరంలో ఆ పొర మెత్తగా ఉంటుంది, గొట్టం సాఫీగా కదులుతుంది. ఒకసారి ఆపరేషన్ జరిగిన చోట మాత్రం గట్టి మచ్చ కణజాలం ఏర్పడుతుంది. పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, రక్తనాళాల అమరిక మారుతుంది. అందువల్ల రెండోసారి అదే చోట పనిచేసే శస్త్రవైద్యునికి దారి అంత తేలికగా దొరకదు. చర్మానికి రక్తప్రసరణ దెబ్బతినే అవకాశమూ పెరుగుతుంది.

లోపం ఏ రకమైనదన్నది కూడా ముఖ్యమే. కొవ్వు తక్కువ తీసి ఉంటే మిగిలినదాన్ని మళ్లీ తీయవచ్చు. ఎక్కువ తీసి గుంటలు పడితే మరోచోటి నుంచి కొవ్వు తెచ్చి నింపవలసి వస్తుంది. అలా నింపిన కొవ్వంతా నిలవదు. కొంత భాగాన్ని శరీరం తనలో కలిపేసుకుంటుంది. దాంతో ఒకటి కంటే ఎక్కువసార్లు ఆ పని చేయవలసి రావచ్చు. చర్మం సాగే గుణం కోల్పోయి ఉంటే లైపోసక్షన్ ఎన్నిసార్లు చేసినా ప్రయోజనం ఉండదు. అప్పుడు చర్మాన్ని కోసి తీయాలి, అంటే కొత్త మచ్చను అంగీకరించాలి.

ఇందువల్లనే నిపుణులు సాధారణంగా మొదటి ఆపరేషన్ తర్వాత కనీసం ఆరు నెలలు, పలు సందర్భాల్లో ఏడాది వరకూ ఆగమని చెబుతారు. వాపు పూర్తిగా తగ్గడానికి, మచ్చ మెత్తబడి రంగు తేరడానికి అంత సమయం పడుతుంది. రెండో నెలలో భయపెట్టిన ఎగుడుదిగుడు పదో నెలకు కొంత సర్దుకోవచ్చు. ఇన్‌ఫెక్షన్, చర్మం నల్లబడి కుళ్లడం, ఊపిరి అందకపోవడం, కాలు వాచి నొప్పి పెట్టడం వంటి లక్షణాలకు ఈ నిరీక్షణ వర్తించదు. అవి కనిపిస్తే గంటల్లో ఆసుపత్రికి చేరాలి.

కత్తి లేకపోయినా ముప్పు ఉంది

శరీరంలోంచి కొవ్వును తొలగించాలన్న ప్రయత్నం ఆదినుంచీ ప్రమాదాల నడుమే సాగింది. 1920లలో ఫ్రాన్స్‌లో ఒక నర్తకి కాలి పిక్కల కొవ్వు తీయబోతే కణజాలం కుళ్లి, చివరకు కాలే తొలగించవలసి వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు వైద్యలోకం ఈ పనికి వెనుకాడింది. 1970లలో ఇటలీలో, అటుపైన ఫ్రాన్స్‌లో గొట్టంతో పీల్చే పద్ధతి రూపుదిద్దుకుంది. 1980లలో అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ మత్తుమందును, రక్తనాళాలను ముడిచే మందును సెలైన్‌లో కలిపి ముందుగా ఎక్కించే విధానాన్ని ప్రవేశపెట్టారు. దానితో రక్తస్రావం బాగా తగ్గింది. ఒకేసారి ఐదు లీటర్లకు మించి తీయడాన్ని భారీ లైపోసక్షన్‌గా పరిగణించి అదనపు జాగ్రత్తలు తీసుకోవాలన్న ప్రమాణం కూడా స్థిరపడింది.

కోత అవసరం లేదని ప్రచారం పొందిన చికిత్సలు సైతం సవరణ శస్త్రచికిత్సకు దారితీయవచ్చని కెనడాకు చెందిన ప్రసిద్ధ మోడల్ లిండా ఇవాంజెలిస్టా ఉదంతం చాటింది. కొవ్వును గడ్డకట్టించి కరిగించే 'కూల్‌స్కల్ప్టింగ్' చేయించుకున్న తర్వాత, తగ్గవలసిన చోట్లే కొవ్వు గట్టిపడి పెరిగిందని 2021లో ఆమె బహిరంగంగా వెల్లడించారు. ఇది అరుదైనదే అయినా వైద్య సాహిత్యం గుర్తించిన దుష్పరిణామం. దాన్ని తొలగించేందుకు రెండుసార్లు సవరణ శస్త్రచికిత్స చేయించుకున్నా సమస్య తిరగబెట్టిందని ఆమె చెప్పారు. పరికరం తయారీదారుపై ఆమె వేసిన దావా 2022లో రాజీతో ముగిసింది. ప్రపంచంలోని మేటి వైద్యులను ఆశ్రయించగల స్తోమత ఉన్నా సవరణకు హామీ లేదన్నదే ఆ ఉదంతం చెప్పే పాఠం.

ప్రాణాపాయాన్ని కూడా మరువలేము. తెలుగు ప్రేక్షకులకు చిరపరిచితురాలైన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో న్యూజెర్సీలో 31 ఏళ్ల వయసులో మరణించారు. అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నట్లు అప్పట్లో వార్తలు వెలువడ్డాయి. 2022 మేలో బెంగళూరులో కన్నడ టెలివిజన్ నటి చేతనా రాజ్ కొవ్వు తొలగింపు శస్త్రచికిత్స అనంతరం కన్నుమూశారు. ఆమె వయసు 21 ఏళ్లు. పిరుదుల్లో కొవ్వు నింపే 'బ్రెజిలియన్ బట్ లిఫ్ట్'లో సుమారు 3,000 ఆపరేషన్లకు ఒక మరణం చొప్పున సంభవిస్తున్నట్లు 2017లో ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. కొవ్వు కండరంలోకి, అక్కడి పెద్ద సిరల్లోకి చేరడమే అందుకు ప్రధాన కారణమని తేలడంతో, చర్మం కింది పొరకే పరిమితం కావాలని వృత్తి సంఘాలు నిర్దేశించాయి. రెండోసారి ఆపరేషన్ అంటే మత్తు, రక్తం గడ్డకట్టడం, ఇన్‌ఫెక్షన్ వంటి ముప్పులన్నిటినీ మళ్లీ మొదటి నుంచి స్వీకరించడమే.

చేసేది ఎవరు?

ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఆర్‌ఎన్‌బీ అన్నది సాధారణ శస్త్రవైద్యంపైన మరికొన్నేళ్ల శిక్షణ తర్వాత లభించే అర్హత. కొద్ది వారాల కాస్మెటాలజీ కోర్సు ధ్రువపత్రం దానికి సమానం కాదు. కానీ క్లినిక్ గోడపై వేలాడే చట్రాలను చూసి ఆ తేడా పసిగట్టడం సామాన్యులకు కష్టం. వర్క్‌షాపుల్లోనో, యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నంత మాత్రాన జుట్టు నాటడం సహా సౌందర్య చికిత్సలు మొదలుపెట్టడానికి అది చాలదని జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన మండలి 2022 సెప్టెంబరులో ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. అటువంటి హెచ్చరిక అవసరమైందంటే పరిస్థితి ఎంతవరకు వచ్చిందో అర్థం చేసుకోవచ్చు.

వైద్యులు రోగులను ఆకర్షించేందుకు ప్రకటనలు ఇవ్వడాన్ని 2002 నాటి వృత్తి ప్రవర్తన నియమావళి తప్పుపడుతుంది. దాని స్థానంలో 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నిబంధనలను అదే నెలలో నిలిపివేశారు. దాంతో పాత నియమావళే నడుస్తోంది. సామాజిక మాధ్యమాల్లో మాత్రం 'ముందు, తర్వాత' ఫొటోలకు కొదవ లేదు. ఆ ఫొటోల్లో బాగా కుదిరిన ఫలితాలే ఉంటాయి. సరిదిద్దుకోవడానికి తిరిగి వచ్చినవారి ఫొటోలు ఉండవు.

బీమా లేదు, పన్ను ఉంది

ఆరోగ్య బీమా పాలసీల ప్రామాణిక మినహాయింపుల్లో సౌందర్య శస్త్రచికిత్స ఒకటి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత జరిగే పునర్నిర్మాణానికి, ఆరోగ్యానికి తక్షణ ముప్పును తొలగించే చికిత్సకు మాత్రమే సడలింపు ఉంది. మొదటి ఆపరేషన్ తర్వాత ప్రాణాపాయం తలెత్తితే ఆ సడలింపు కింద వాదించడానికి కొంత చోటు ఉంటుంది. ఆకృతి చెదిరిందన్న కారణానికి అదీ ఉండదు.

పన్నుల చట్టం ధోరణి కూడా ఇంచుమించు ఇలాంటిదే. వైద్యసేవలకు వస్తు, సేవల పన్ను నుంచి మినహాయింపు ఉంది. పుట్టుకతో వచ్చిన లోపాలు, ఎదుగుదలలో తలెత్తిన లోపాలు, గాయాల వల్ల దెబ్బతిన్న శరీరాన్ని పునరుద్ధరించే సందర్భంలో తప్ప సౌందర్య శస్త్రచికిత్సకు ఆ మినహాయింపు వర్తించదు. మొదటి శస్త్రచికిత్స మిగిల్చిన వైకల్యాన్ని ఏ కోవలో చేర్చాలో ఆ జాబితా విడిగా చెప్పదు. బీమా దృష్టిలో అది రోగం కాదు. పన్ను దృష్టిలో కొనుక్కున్న సేవ. అటువంటప్పుడు ఆ సేవలో లోపం జరిగితే కొనుగోలుదారుకు దక్కవలసిన రక్షణ మరింత గట్టిగా ఉండాలని ఆశించడం న్యాయం.

రెండు గడియారాలు

డబ్బు చెల్లించి పొందే వైద్యసేవ వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే స్పష్టం చేసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా కమిషన్‌ను ఆశ్రయించాలి. తగిన కారణం చూపితే జాప్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ అది హక్కు కాదు. జిల్లా కమిషన్‌లో చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయల లోపు ఉన్న ఫిర్యాదుకు రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు.

ఇక్కడే వైద్యుని సలహాకూ చట్టం గడువుకూ పొత్తు కుదరదు. వాపు తగ్గేందుకు ఆరు నెలలు, మచ్చ తేరేందుకు ఏడాది ఆగాలి. ఈలోగా మొదటి క్లినిక్ 'ఇంకొంత ఓపిక పట్టండి, ఉచితంగా సవరించి పెడతాం' అంటూ ఉండవచ్చు. ఆ ఓపికలోనే గడువు సగానికి పైగా కరిగిపోతుంది. రెండో ఆపరేషన్ తేదీ నుంచి లెక్క మళ్లీ మొదలవుతుందన్న నమ్మకం కూడా ప్రమాదకరమే. పిత్తాశయం ఆపరేషన్‌లో గుడ్డ ముక్క లోపల ఉండిపోయిందన్న కేసులో, తొమ్మిదేళ్ల తర్వాత రెండో ఆపరేషన్‌లో ఆ సంగతి బయటపడగా, అక్కడి నుంచి రెండేళ్లలోపే ఫిర్యాదు దాఖలైంది. అయినా అన్నేళ్లు నొప్పి వేధిస్తున్నా మొదటి వైద్యుణ్ని సంప్రదించలేదన్న కారణంతో 2010లో సుప్రీంకోర్టు దాన్ని గడువు మీరినదిగానే తేల్చింది.

ఆనవాళ్ల సమస్య దీనికి తోడవుతుంది. సవరణ జరిగాక పాత లోపం ఎలా ఉండేదో చూపేందుకు శరీరం సాక్ష్యం చెప్పదు. తేదీలతో కూడిన ఫొటోలు, మొదటి వైద్యునితో సంబంధం లేని మరో నిపుణుడి లిఖితపూర్వక అభిప్రాయం, ఆపరేషన్ వివరాల పత్రం ముందే చేతికి రావాలి. రోగి కోరితే వైద్య రికార్డులను 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నియమావళి చెబుతోంది. ఇన్‌పేషెంట్ల రికార్డులను మూడేళ్ల పాటు భద్రపరచాలన్నది కూడా అందులోని నిబంధనే. ఆ రికార్డు న్యాయపోరాటానికి ఎంత అవసరమో, రెండో శస్త్రవైద్యునికీ అంతే అవసరం. ఎంత కొవ్వు తీశారు, ఏ పొరలోంచి తీశారు, ఏ మత్తు ఇచ్చారు అన్నది తెలియకుండా చేసే సవరణ చీకట్లో బాణం వేయడమే.

అయితే కోరుకున్న అందం రాకపోవడం, నిర్లక్ష్యం ఒకటి కావు. వైద్యుడు ఫలితానికి పూచీ ఇవ్వడు, తగిన నైపుణ్యానికీ శ్రద్ధకూ మాత్రమే బాధ్యత వహిస్తాడన్నది న్యాయస్థానాల స్థిరమైన అభిప్రాయం. ముక్కు వైకల్యం సరిచేసే ఆపరేషన్‌లో రోగి మరణించిన కేసులో ప్లాస్టిక్ సర్జన్‌పై క్రిమినల్ విచారణను 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. నేరంగా పరిగణించాలంటే నిర్లక్ష్యం తీవ్రస్థాయిలో ఉండాలని చెప్పింది. ఎక్కువమందికి మిగిలే దారి నష్టపరిహారమే. అందులో బలమైన ఆధారం సమ్మతి పత్రం. చికిత్స స్వభావం, ముప్పులు, ప్రత్యామ్నాయాలు వివరించి పొందినదే సరైన సమ్మతి అని, ఒక ప్రక్రియకు ఇచ్చిన సమ్మతి మరో ప్రక్రియకు వర్తించదని 2008 నాటి తీర్పు స్పష్టం చేసింది. అత్యవసరం లేని సౌందర్య శస్త్రచికిత్సలో వివరించేందుకు సమయం లేదన్న సాకు చెల్లదు.

అద్దంలో కనిపించేది

సరిదిద్దుకోవాలన్న ప్రతి కోరికా శరీరంలోని లోపం నుంచే పుట్టదు. ఇతరులకు కనిపించని, లేదా అతి స్వల్పమైన లోపం గురించే రోజుకు గంటల తరబడి మథనపడే స్థితిని మానసిక వైద్యులు 'బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్'గా గుర్తించారు. సాధారణ జనాభాలో సుమారు 2 శాతం మందిలో కనిపించే ఈ సమస్య, సౌందర్య చికిత్సల కోసం వచ్చేవారిలో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఇటువంటివారికి ఆపరేషన్ ఊరటనివ్వడం అరుదు. ఒకటి ముగిశాక దృష్టి మరో అవయవం మీదికి మళ్లుతుంది. మానసిక చికిత్సతో మేలు జరిగే అవకాశం ఉంది. అందుకే రెండో, మూడో ఆపరేషన్ కోరి వచ్చినవారితో ముందుగా ఈ విషయం మాట్లాడడం మంచి వైద్యుని లక్షణం. 'మీకిది అవసరం లేదు' అని చెప్పి పంపే వైద్యుని వల్ల రోగికి ఆ రోజు కోపం రావచ్చు, కానీ మేలే జరుగుతుంది.

అలాగని అసంతృప్తి చెందినవారందరినీ మానసిక సమస్య కిందికి నెట్టడం అన్యాయం. నడుముపై చేయి వేస్తే తెలిసే గుంట ఊహ కాదు. ఆ తేడా తేల్చేది ఓపికతో కూడిన పరీక్షే తప్ప, ఫోన్‌లో పంపిన ఫొటో చూసి ఇచ్చే ధర కాదు.

చేయవలసినవి

నిర్ణయం తీసుకునేవారి ముందున్న క్రమం స్పష్టమే. మొదట రికార్డులు తీసుకోవాలి. నెలనెలా ఒకే వెలుతురులో, ఒకే కోణంలో ఫొటోలు తీసి ఉంచుకోవాలి. మరో నిపుణుని అభిప్రాయం పొందాలి. రెండో అభిప్రాయం కోరే హక్కు 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. ఆపరేషన్ చేయబోయే వైద్యుని పేరును తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ లేదా సంబంధిత రాష్ట్ర వైద్య మండలి నమోదులో సరిచూసుకోవాలి. శరీరం కుదుటపడేందుకు ఆగుతూనే చట్టపరమైన గడువును లెక్కలో ఉంచుకోవాలి. ఉచిత సవరణకు ఒప్పుకునే ముందు, దానికి ప్రతిగా ఫిర్యాదు హక్కు వదులుకునే పత్రంపై సంతకం చేయిస్తున్నారేమో చదివి చూసుకోవాలి. ఇంట్లో కనీసం ఒక్కరికైనా చెప్పాలి. ఆపరేషన్ రాత్రి ఊపిరి అందకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లవలసింది వారే.

భారమంతా రోగి మీదే మోపడం మాత్రం సబబు కాదు. సౌందర్య శస్త్రచికిత్సల్లో దుష్పరిణామాలను, తిరిగి చేసిన ఆపరేషన్లను క్లినిక్‌లు తప్పనిసరిగా తెలియజేసే నమోదు వ్యవస్థ ఏర్పడాలి. చేసిన శస్త్రచికిత్స వివరాలను కోరకుండానే ఇంటికి పంపే రోజున రోగి చేతికి ఇవ్వాలి. ఒకరోజులో చేసి పంపే డేకేర్ క్లినిక్‌లకూ ఈ నియమం వర్తించాలి. లోపం పూర్తిగా బయటపడటానికి ఏడాది పట్టే చికిత్సల్లో రెండేళ్ల గడువును ఎక్కడి నుంచి లెక్కించాలన్న దానిపై స్పష్టత రావాలి. వీటిలో ఏదీ కొత్త ఆసుపత్రి కట్టినంత ఖర్చుతో కూడిన పని కాదు. ఇవి లేనంతకాలం రెండో ఆపరేషన్‌కు సిద్ధమయ్యే మనిషి మొదటి ఆపరేషన్‌కు ముందు ఉన్నంత అయోమయంలోనే, అంతకంటే తక్కువ డబ్బుతో, మరో సమ్మతి పత్రంపై సంతకం చేస్తూనే ఉంటారు.